వద్దంటే వద్దనే

పోయిన నెల మా మేనత్త పోయింది. హారిస్‌డేల్‌లో, మా ఇంట్లో, వెనక గదిలో, నిద్రలోనే. పుణ్యాత్మురాలు, సునాయాసంగా వెళ్లిపోయిందని పరామర్శకి వచ్చినవాళ్లంతా అన్నారు. కన్నకూతురు కూడా ఇంత చెయ్యదమ్మా అని నా వీపు నిమిరారు. ఆ మాట విన్నప్పుడల్లా సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకో చెబుతాను.

అత్తయ్య ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. మామయ్య పోయాక కూడా మా పక్క పేట కానింగ్ వేల్‌లో తన చిన్న యూనిట్ ఇంట్లో ఒక్కతే ఉండేది. చక్రాల సంచి లాక్కుంటూ బస్సెక్కి కూరలకి వెళ్లేది. డ్రైవరుతో ఎండావానల సంగతి మాట్లాడనిదే దిగేది కాదు. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి తిరగగానే కిటికీలన్నీ తెరిచి, అప్పుడు పొయ్యి వెలిగించేది. తను పోపు వేస్తే పక్కింటి ముసలాయన తుమ్మాలి, తుమ్మలేదంటే ఎండుమిరపకాయలు పాతబడినట్టే అనేది.

ఈ చలికాలం మొదట్లో బాత్రూంలో కాలు జారింది. ఆవిడకి ఎముక విరగలేదు గానీ మా గుండెలు జారాయి. వయసు మళ్లినవాళ్లు సొంత ఇంట్లో ఉండటానికి ఏం సాయం కావాలో చూసే ఆఫీసు నుంచి ఒకామె వచ్చింది. మీకేం కావాలి అని సూటిగా అత్తయ్యనే అడిగింది. అత్తయ్యా అంతే సూటిగా చెప్పింది: షవర్ దగ్గర పట్టుకోవడానికి ఒక కడ్డీ, పొయ్యి దగ్గర ఎత్తు స్టూలు, వారానికోసారి ఇల్లు వాక్యూమ్ చేసేవాళ్లు. అంతే.

నేను మధ్యలో దూరాను. మా ఆంటీ మొహమాటానికి అలా అంటోంది, మేం ఉన్నాంగా, మా ఇంటికి తీసుకెళతాం అని ఇంగ్లీషులో ధాటిగా చెప్పాను. ఆమె అత్తయ్య వైపు చూసింది. పరాయి మనిషి ముందు మేనకోడలి మాట తీసెయ్యడం ఇష్టంలేక కాబోలు, అత్తయ్య కొంగు సర్దుకుని ఊరుకుంది. ఆమె వెళ్లాక మాత్రం అంది.

“చెయ్యందించమన్నానే. నా చేతులు లాగేసుకోమన్నానా?”

చమత్కారం అనుకుని నవ్వి, ఆ వారమే అత్తయ్యని మా ఇంటికి తెచ్చేసుకున్నాను.

మన భోజనాల్లో ‘వద్దు’ అంటే ఇంకో గరిటె వెయ్యమనే కదా. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డించడమే మర్యాద అనుకుంటూ పెరిగినదాన్ని. మూడోసారి వద్దన్నాకే వద్దని అర్థం అని నాకు నేర్పింది కూడా అత్తయ్యే. కానీ తను మూడుసార్లు కాదు, రోజూ అంది. వంకాయలు తరుగుతానంటే చేతిలోంచి కత్తి తీసేసుకున్నాను. కాఫీ కలుపుకుంటానంటే కప్పు చేతికిచ్చాను. నా ఇంటికి నేను పోతానే అంటే, “మాకేం కష్టం లేదత్తయ్యా, మొహమాటపడకు,” అన్నాను. తన యూనిట్ తాళంచెవి మాత్రం పిన్నీసుతో జాకెట్టుకి గుచ్చుకుని తిరిగేది.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి వచ్చిన మా అమ్మాయి మా ఇద్దరి వాదనా కాసేపు విని, “మమ్, షీ సెడ్ నో. వద్దు మీన్స్ నో, రైట్?” అంది. ఇక్కడే పుట్టిన పిల్ల, మన మొహమాటాలు దానికేం తెలుసు. నీకు తెలుగు సరిగ్గా రాదులే అన్నాను.

అత్తయ్య దాన్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

“దీనికే సరిగ్గా వచ్చింది,” అంది.

ఆ తర్వాత అత్తయ్య ఎన్నాళ్లో లేదు. చివరి రోజుల్లో ఇంటికి పోతానని అడగడం కూడా మానేసింది. సర్దుకుపోయిందని నేను సంతోషపడ్డాను. నాకు అన్నిటికంటే సిగ్గుగా ఉన్నది ఆ సంతోషం గురించే.

పదకొండో రోజు భోజనాలు అత్తయ్య యూనిట్‌లోనే పెట్టాం. ఆ పిన్నీసు తాళంచెవితోనే తలుపు తీశాను. గాలి తిరిగాక కిటికీలు తెరిచి, పొయ్యి వెలిగించి, పప్పుకి పోపు నేనే వేశాను. కబురంపితే పక్కింటాయన కూడా వచ్చి మనవాళ్ల వరసలోనే కూర్చున్నాడు. ఆయనా ఒంటరివాడే. రెండోసారి వడ్డించడానికి పప్పుగిన్నె తెచ్చి ఆయన పక్కన పెట్టి, గరిటెతో తీశాను. ఆయన చెయ్యి కంచం మీద అడ్డంపెట్టి, నాకేసి చూసి, అత్తయ్య దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట పలికాడు.

“వద్దు.”

గరిటె గాలిలో ఆగిపోయింది. పప్పు కొసకి జారి, బొట్టుకట్టి, ఆయన వేళ్ల మీద పడబోతోంది. నేను ఇంకో చెయ్యి దాని కింద పట్టాను.