సున్నం గోడ మీద బొగ్గు రాతలు

ఇవాళ పొద్దున్నే మా ఇంటికి సున్నం వేసే మనిషి వచ్చాడు. తొట్టిలో సున్నం నానేసి కట్టెతో కలుపుతుంటే ఆ ఘాటైన తడి వాసన వసారా దాటి వంటింట్లోకి వచ్చేసింది. క్రిస్మస్ ముందు ఏటా వచ్చే వాసనే. అయినా చాయ్ గ్లాసు నా చేతిలో అట్లాగే ఆగిపోయింది. మా పెద్దమ్మ ఇంటి గోడ కళ్ళ ముందుకొచ్చింది. క్రిస్మస్‌కు తెల్లగా మెరిసే ఆ గోడ నెల తిరక్కుండానే బొగ్గు రాతలతో నల్లబడేది. పెద్దమ్మ రాసేది, నేను చదవాలి. చదవలేక నేనెంత ఏడ్చానో ఆ గోడకే తెలుసు.

పెద్దమ్మ పేరు రూతమ్మ, మా అమ్మకు సొంత అక్క. నల్లగొండ పక్కనున్న పానగల్‌కు రెండు మైళ్ళ దూరంలో మా ఊరు. అరవైల మొదటి ఏళ్ళ సంగతి ఇది. అమ్మ నా నాలుగో ఏట పోయింది. మరుసటి ఏడు జ్వరమొచ్చి నా కుడికాలు చచ్చుబడింది. బడి పానగల్‌లో. రోజూ మోసుకుపోయేదెవరు? పెద్దమ్మకు పెనిమిటి లేడు, పిల్లలు లేరు. చిన్నతనంలో మిషను బోర్డింగులో ఉండి ఐదో తరగతి దాకా చదివింది. "పిల్ల బడికి పోకుంటేంది? బడే ఇంటికొస్తది" అని నన్ను తన దగ్గరే పెట్టుకుంది.

మా నాన్నకు, నేను బాపు అనేదాన్ని, ఆ మాట మీద నమ్మకం లేదు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. తన తర్వాత ఈ కుంటిపిల్ల గతేమిటన్నది ఆయన భయం. నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడాది వానాకాలంలో వచ్చి గడప మీద కూర్చుని చెప్పేశాడు.

"వదినె, నల్లగొండల నేత పనోళ్ళ ఇంట్ల నూలు కండెలు చుట్టే పనుంది. కూసోని చేసేదే. బువ్వ పెడ్తరు. క్రిస్మస్ దాకా చూస్త. అప్పటికి సదువు రాకుంటే తోల్కపోత."

"గట్లనే కానీ," అంది పెద్దమ్మ. చేతిలోని చాట పక్కన పెట్టి, పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

నాకు అక్షరాలు నిలిచేవి కావు. పొద్దున నేర్చింది సాయంత్రానికి పోయేది. పెద్దమ్మ నన్ను కొట్టిన గుర్తు లేదు కానీ ఆమెకు ఒక అలవాటుండేది. దీపం పెట్టే వేళ మోకాళ్ళ మీద కూర్చుని నా చదువు సంగతి గట్టిగా దేవుడికి చెప్పేది. "ప్రభువా, ఇయ్యాల సుగుణకు 'క' వచ్చింది. నీకు స్తోత్రం." ఏమీ రాని రోజున కూడా వదిలేది కాదు. "ఇయ్యాల ఏం రాలే ప్రభువా. అయినా పిల్ల లేవకుండ కూసున్నది. స్తోత్రం." పక్కింటివాళ్ళకు వినబడుతుందని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆ సిగ్గే నాతో తప్పు చేయించింది. మా వాళ్ళలో చదువు రాని ముసలమ్మలు కూడా కీర్తనలు ఒక్క మాట పోకుండా అప్పజెప్పేవారు. నాకూ విన్నది విన్నట్టు అంటుకునేది. ఒకరోజు బైబిలు ఒళ్ళో పెట్టుకుని, వేలు జరుపుకుంటూ, గొర్రెల కాపరి కీర్తన మొత్తం "చదివేశాను". పెద్దమ్మ నోరు తెరిచింది. తర్వాత నన్ను వాటేసుకుని ఏడ్చింది. చెబుదామనుకున్నాను. ఆ ఏడుపు చూశాక నోరు రాలేదు.

ఆ ఆదివారం గుళ్ళో, దేవుడు చేసిన మేలు ఎవరికి వారు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, పెద్దమ్మ లేచి, దేవుడు తన బిడ్డకు చదువిచ్చాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరు అయ్యగారు ముచ్చటపడి నన్ను ముందుకు పిలిచి, ఏదో పుట తీసి, "ఇది చదువమ్మా" అన్నారు. నేను పుట మీద వేలు పెట్టి మళ్ళీ ఆ గొర్రెల కాపరి కీర్తనే మొదలుపెట్టాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు పుస్తకం మెల్లగా మూసేశారు. ద్వారం దగ్గర నిలబడ్డ బాపు తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళాక ఈపు చీరేస్తుందనుకున్నాను. పెద్దమ్మ అన్నం పెట్టింది, తను తినలేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో నా పేరే రాలేదు. దెబ్బలు తిన్నా అంత బాధ ఉండేది కాదు.

మరుసటి ఆదివారం ఆమె మళ్ళీ లేచింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. "పోయిన వారం నేను చెప్పిన సాక్ష్యం తప్పు. పిల్లకు సదువు రాలే. పిల్లను అనకుండ్రి. అది నాకు భయపడ్డది. నేనే ఉరికిన, నలుగుర్ల పేరొస్తదని." అంతే చెప్పి కూర్చుంది. అంతమందిలో తన తప్పు తానే చెప్పుకున్న మనిషిని నేను మొదటిసారి చూశాను.

దారిలో నన్ను చంకనేసుకుని నడుస్తూ అంది: "యాదికుండే తలకాయ దేవుడిచ్చిండు బిడ్డా. సదివే కండ్లు మనం సంపాయించుకోవాలె. ఇగ నువ్వు ఎన్నడు విననిదే రాస్త."

మర్నాటి నుంచి బొగ్గు ముక్క గోడెక్కింది. రోజుకొక మాట, ఎవరూ కీర్తనలో పాడనిది. "బెల్లం ఉట్టిల ఉంది." "చీపురు కింద పల్లీలున్నయి." చదివితేనే ఆ చిరుతిండి, లేకపోతే లేదు. వారం రోజులు నాకు ఏమీ దొరకలేదు. పెద్దమ్మ బెల్లం తను కూడా ముట్టలేదు. ఎనిమిదో రోజు నేను గోడ ముందు కూర్చుని కూడబలుక్కుంటూ, కూడబలుక్కుంటూ, ఉన్నట్టుండి తల తిప్పి తవుడు కుండ వైపు చూశాను. పాక్కుంటూ పోయి చెయ్యి పెడితే జామకాయ తగిలింది! "అవ్వో, దొరికిందా!" అని పెద్దమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం మళ్ళీ నా పేరు వినబడింది. "ప్రభువా, జామకాయ దొరికింది. స్తోత్రం." దేవుడికి ఏమర్థమైందో కానీ నాకు మాత్రం బాగా అర్థమైంది.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు బాపు వచ్చాడు. గోడకు అప్పుడే సున్నం వేశాం, రాతలన్నీ పోయాయి. ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. బాపుకు చదువు రాదు. నన్ను పనికి పెట్టబోయే ఆ నేత పనాయన దగ్గరికే పోయి రాయించుకొచ్చాడు. "వదినె, నువ్వు మాట్లాడొద్దు. ఏం రాసిందో నాకు, రాసినాయనకు తప్ప తెల్వది. సదువు బిడ్డా."

 పెద్దమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఒక్కొక్క అక్షరం పట్టుకుని లాగాను.

"మన... నల్ల మేక... ఈనింది. రెండు పిల్లలు. ఒకటి... నీది." చదవడం అయిపోయాక గానీ మాట లోపలికి దిగలేదు. "బాపూ! ఒకటి నాదా? నిజంగనా?"

బాపు కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూశాడు. మళ్ళీ నాకిచ్చి, "ఇంకోపారి సదువు" అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత తువ్వాలతో ముఖం తుడుచుకుని, "కండెలు ఇంకెవరన్న సుడ్తరు తియ్యి, వదినె" అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ మోకాళ్ళూని "ప్రభువా" అంది. ఇంకో మాట రాలేదు. అందుకని నేనే చెప్పాను: "ప్రభువా, ఇయ్యాల మా పెద్దమ్మ గెలిచింది. స్తోత్రం."

ముప్పై ఏళ్ళు పంతులమ్మగా పనిచేశాను. ఎన్నో పరీక్షలు పెట్టాను, ఎంతోమందికి మార్కులు వేశాను. కానీ వెనకబడ్డ పిల్ల ఎదురైనప్పుడల్లా ఇంటికొచ్చాక ఆ రోజు ఆ పిల్లకు వచ్చిన ఒక్క అక్షరమైనా దేవుడికి పేరు పెట్టి చెప్పేదాన్ని. చెప్పడానికి ఏదో ఒకటి వెతకాలి కదా, ఆ వెతుకులాటలోనే పిల్ల మీద నమ్మకం కుదిరేది.

సున్నం ఆరింది. బడికి పోనని మొండికేస్తున్న మా మనవరాలు లోపల మంచం మీద ముసుగు తన్ని పడుకుంది. కోడలు తిడితే తిట్టనీ. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చి, తెల్లటి గోడ మీద పిల్లకు అందే ఎత్తులో రాశాను: "బెల్లం ఉట్టిల ఉంది."