దిగితే అందరం దిగాలి

మా సైకిల్ క్లబ్బులో ఎనిమిది మందిమి. ఏడుగురికి మోకాళ్ల నొప్పులు, నాకు నడుము నొప్పి. శ్రీకాకుళంలో పొద్దున్నే బిగుతు బట్టలు వేసుకుని రయ్యిమని పోయే కుర్రాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు. నవ్వనీ. దారిలో ఏ తోటలో ఏ చెట్టు కాసిందో మాకు తెలుసు, వాళ్లకి తెలీదు.

మాకో నియమం ఉంది. ఎవరైనా సైకిల్ దిగి నడిస్తే అందరం దిగి నడవాలి. ఎందుకు దిగావని అడగకూడదు. ముందు దిగిన మనిషి ఎక్కేదాకా ఎవరూ ఎక్కకూడదు. అలుపొచ్చిన వాళ్లు సిగ్గుపడకూడదని నేనే పెట్టాను. క్లబ్బుకి పెద్ద కూడా నేనే, కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు.

మొన్న వేసవిలో టెక్కలి నుంచి భావనపాడు సముద్రం దాకా తొక్కుదామనుకున్నాం. ఆసారి మా వదిన కూడా వస్తానంది, మా నియమం ముందే చెప్పాను. వదినంటే మా అన్నయ్య భార్య. వరి, నువ్వులు పండించే ఇల్లు. యాభై దాటాక కళ్లంలో తనంతట తనే పడుతూ లేస్తూ సైకిల్ నేర్చుకుంది. అంత దూరం తొక్కడం మాత్రం అదే మొదలు.

అన్నయ్యకి ఇది బొత్తిగా నచ్చలేదు. "సగం దారిలో సతికిలబడతాది. నాను వ్యాన్ ఏసుకొని ఎనకాతల వస్తాను. ఎక్కిందా, ఆ సైకిల్ అటకెక్కినట్టే. మళ్లీ దించేది నేదు," అన్నాడు.

"ఎక్కకపోతే?" అంది వదిన.

"ఎక్కకపోతే నీ ఇష్టం."

"మాట మీదుండు," అంది. ఆ గొంతు విని నాకు ధైర్యం వచ్చేసింది. ఈవిడ వ్యాన్ ఎక్కదు అనుకున్నాను.

టెక్కలి దాటి జీడితోటల మధ్య మట్టిదారి పట్టాం. ఎండ ఇంకా ముదరలేదు. రాలిన జీడిపండ్ల పులుపు వాసన ముక్కుల్ని పట్టేసింది. వదిన అందరికన్నా ముందు, చీర ఎగ్గట్టి, వీపు నిటారుగా పెట్టి తొక్కుతోంది. ఒకచోట ఉన్నట్టుండి ఆగి, దిగి, కిందికి వంగింది. ఆవిడ వెనకే మా క్లబ్బులో బ్యాంకు ఉద్యోగం చేసే ఆయన ఉన్నాడు, వెంటనే దిగిపోయాడు. అతన్ని చూసి మేమందరం దిగాం. అయ్యో, అప్పుడే అలిసిపోయిందా అనుకున్నాను.

నడక మొదలైంది. వదిన నడుస్తోంది, మేం నడుస్తున్నాం. అడగకూడదు కాబట్టి ఎవరం అడగలేదు. ఎండలో సైకిళ్లు తోసుకుంటూ ఆ తోట దాటాం, తర్వాతి తోట దాటాం, కాలవ వంతెన దాటాం. వెనక వ్యాన్‌లోంచి అన్నయ్య హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి వదినే ఆగి వెనక్కి తిరిగింది. "ఒసే మరదలా, ఎవులికే అలుపు? ఎంతసేపని నడుస్తాం?"

"నీకే కదా వదినా!"

"నాకేటి అలుపు! కుచ్చిళ్లు జారి సైకిల్ సైన్‌లో పడతాయని సెక్కుకోడానికి దిగినాను. సూస్తే మీరందరూ నడుస్తన్నారు. పాపం ఎవులో అలిసిపోనారని నాను నడుస్తన్నాను."

బ్యాంకు ఆయన సైకిల్ వదిలేసి దారి మధ్యలో కూలబడి నవ్వాడు. నేనూ నవ్వాను గానీ, వదిన నవ్వలేదు. ఆ నడకలో ఆవిడ బలమంతా ఎండకి కరిగిపోయింది. ఇంకా నౌపడ ఉప్పుమడుల దారి ఉంది. అక్కడ చెట్టు నీడ ఉండదు, సముద్రపు గాలి ఎదురు కొడుతుంది.

"ఇంక నా కోసం ఎవులూ దిగొద్దు. నాను పడిపోయినా దిగొద్దు," అని ఎక్కింది.

ఉప్పుమడుల దగ్గర నేను ఆవిడ పక్కనే తొక్కాను. తెల్లటి ఉప్పుకుప్పల మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. వదిన ముఖం కందిపోయింది, రవిక తడిసి వీపుకి అంటుకుంది. పెడల్ ఒక్కొక్కటీ కాలితో కాదు, పంతంతో తొక్కుతోంది. అన్నయ్య వ్యాన్ పక్కకి తెచ్చి అద్దం దించాడు.

"ఒసే, ఎక్కీవే. ఎవుల్తోనూ సెప్పన్లే. అటకా నేదు, ఏటీ నేదు."

అప్పటికి ఆయన గొంతులో వెటకారం లేదు, భయమే ఉంది. వదిన అటు చూడనే లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆవిణ్ని చూసి గర్వంతో వచ్చిన ఏడుపది, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

భావనపాడు ఊరు దాటాక దారి ఇసకలో కలిసిపోయింది. వ్యాన్ చక్రం దిగబడింది. మేమూ ఇసకలో తొక్కలేక దిగి సైకిళ్లు తోసుకుంటున్నాం. ఆవిడ మాత్రం ఊగుతూ, తూలుతూ, మొగలిపొదల మధ్య గట్టి నేల వెతుక్కుంటూ తొక్కుకుంటూనే పోయింది. మేం చేరేసరికి ఒడ్డున లాగి పెట్టిన పడవ నీడలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

అన్నయ్య వ్యాన్ వదిలేసి ఇసకలో నడుచుకుంటూ, రొప్పుతూ వచ్చాడు. వదిన కాస్త పక్కకి జరిగి చోటిచ్చి, తన నీళ్ల సీసా ఆయన చేతిలో పెట్టింది.

"పెళ్లయిన కాడ్నించీ ఎక్కడికెళ్లినా నీ బండెనకాతల కూకొనే ఎళ్లినాను," అంది. "నాను ముందొచ్చి నీ కోసం సూడ్డం ఇదే మొదలు."