బొట్టు పెట్టిన షేర్ సర్టిఫికెట్

అది 1964. అనంతపురంలో ఒక బ్యాంకు బ్రాంచిలో నేను సేఫ్ కస్టడీ గుమాస్తాను. షేర్లు కొన్నవాళ్లు వాటి సర్టిఫికెట్లు మా దగ్గర దాచుకునేవారు. షేర్లు వాళ్లవే, కాపలా మాది. నంబర్లు రిజిస్టరులో రాసుకుని, రసీదిచ్చి, కవరుకు లక్క సీలు వేసి ఇనుప బీరువాలో పెట్టేవాళ్లం. కంపెనీ పంపిన డివిడెండ్ కూడా మేమే వసూలు చేసిపెట్టేవాళ్లం. తాడిపత్రి బండల వ్యాపారుల నుంచి రిటైరైన తాసీల్దార్ల దాకా అందరి కాగితాలూ నా చేతిమీదుగానే పోయేవి. నా దగ్గర తప్పు జరగదని నాకు గట్టి నమ్మకం. కొంచెం గర్వమనే అనుకోండి.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి నరసింహులు గారికి ఒక మద్రాసు మిల్లులో షేర్లుండేవి. ఏటా ఆయుధపూజ ముందురోజు వచ్చి సర్టిఫికెట్ ఇంటికి తీసుకెళ్లి, పండగ కాగానే తెచ్చిచ్చేవారు. ఎందుకని అడిగితే, "ఏమప్పా, మగ్గానికి పూజ చేస్తాం, తక్కెడకు చేస్తాం. ఈ కాయితం ఏం పాపం చేసినాది?" అన్నారు.

తిరిగి తెచ్చినప్పుడు కవరు విప్పి, నంబరు సరిచూసి సంతకం పెట్టాలన్నది రూలు. ఆ ఏడాది విప్పబోతే, "పూజ చేసి మూసినాం, మళ్లా ఇప్పొద్దప్పా" అన్నారు. పెద్దాయన మాట కాదనలేక, చూడకుండానే "సరిచూశాను" అని రాసి సంతకం పెట్టేశాను.

రెండు నెలలకు ఆయన ఆదరాబాదరాగా వచ్చారు. పక్కింటాయన తన నాలుగు మగ్గాలూ అమ్మకానికి పెట్టాడట.

"శివరాత్రి లోపల నేను కొనకుంటే బెంగుళూరు సేటు ఊడదీసుకోని పోతాడు. ఆ నలుగురు నేసేటోళ్లు యాడికి పోవాల? వానల్లేవు, సేన్లో గూడా పనిలేదు. నా షేర్లు అమ్మిచ్చప్పా."

కవరు విప్పాను. సర్టిఫికెట్ నంబరు మీద ఎండిన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. పసుపు తడికి సిరాతో రాసిన నంబరు అలుక్కుపోయింది. ఇలాంటిదాన్ని మార్కెట్లో బ్యాడ్ డెలివరీ అంటారు. కొనేవాడు ముట్టుకోడు.

"ఎప్పుడూ కవరు మింద పెట్టేది. ఈసారి మా ఆడమనిషి లోపల పెట్టినట్టుండాది" అన్నారాయన. ఆయన మొహం వాడిపోయింది.

పాడైనది వాపసు చేస్తే కంపెనీ కొత్తది ఇస్తుంది. అయితే నంబరు రుజువు చేయాలి, ఎక్కడ పాడైందో చెప్పాలి. నంబరు మా రిజిస్టరులో ఉంది. చిక్కంతా నా సంతకంతోనే. దాని ప్రకారం సర్టిఫికెట్ మా దగ్గరికి శుభ్రంగా తిరిగొచ్చింది. ఇప్పుడు పూజలో పాడైందంటే కంపెనీ నమ్మదు, ఎవరో కావాలని నంబరు చెరిపారనుకుంటుంది.

"చూడకుండా సంతకం పెట్టానని రాస్తే నీకు మెమో వస్తుందయ్యా, ఆలోచించుకో" అన్నారు మేనేజరు గారు. ఆలోచించడానికేముంది? కంచే చేను మేసిందని రేపు ఊరంతా అనుకుంటే, ఆ తర్వాత మా బీరువాలో కాగితం పెట్టేదెవరు? ఉన్నది ఉన్నట్టు రాసి, రిజిస్టరు నకలు జతచేసి పంపాను. తప్పులో సగం నాదేనని నరసింహులు గారికీ చెప్పాను.

అయిదు వారాలకు కొత్త సర్టిఫికెట్ వచ్చింది. ఆ వారమే మెమో కూడా వచ్చింది. షేర్లు అమ్ముడుపోయాయి, శివరాత్రికి ముందే నాలుగు మగ్గాలూ నరసింహులు గారివయ్యాయి. మెమో చదువుకుని బాధపడ్డాను, అబద్ధమెందుకు?

పై నెలలో ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె పేరున ఉన్న సర్టిఫికెట్లు అన్నాళ్లూ ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉండేవట. ఆ మూట నా బల్ల మీద పెట్టారు.

"బ్యాంకోళ్లను నమ్మొద్దనేది ఈమె. నువ్వు రాసిన జాబు సంగతి చెప్పినాక తనే తెచ్చింది" అన్నారు.

ఒక్కొక్కటే విప్పి, నంబరు చదివి, వెలుతురుకు పట్టి చూశాను. అరగంట పట్టింది. బీరువా ఎంత గట్టిదైనా, చూడకుండా సంతకం పెట్టేవాడి దగ్గర ఎవరి కాగితమూ భద్రం కాదని అప్పటికి నాకు బాగా తెలిసొచ్చింది. ఆ అరగంటా ఆమె నా చేతులనే చూస్తూ కూర్చుంది.

"అన్నీ చూసినావా అన్నా? ఇంగ సంతకం పెట్టు" అంది.

పెట్టాను.