క్లయింట్‌కే చెప్పాలి

ధరణి పద్దెనిమిదేళ్ళు కాకినాడలో నర్సు. కెనడాలోని విన్నిపెగ్ వచ్చాక వృద్ధుల హోమ్‌లో స్నానాలు చేయించే ఆయా. మళ్ళీ నర్సు అనిపించుకోవాలంటే ప్రాక్టికల్ నర్స్ లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కాలేజీలో మొదటినుంచీ చేరమన్నారు. నలభై ఆరేళ్ళ వయసులో భుజాన బ్యాగు తగిలించుకుని! ఇంకేమన్నా ఉందా!

సూదులూ మందులూ ఆమెకు కొట్టిన పిండి. దెబ్బ తినేదల్లా మాటల ప్రశ్నల దగ్గరే. జబ్బు పెద్దదని తేలింది, ముందు ఎవరికి చెప్పాలి? ధరణి వేలు దానంతటదే 'పెద్దకొడుక్కి' అన్న జవాబు మీదికి పోతుంది.

"మమ్మీ, నో! క్లయింట్‌కే చెప్పాలి," అని చదివించే కూతురు సాత్విక నెత్తి కొట్టుకునేది. ఇక్కడ రోగిని క్లయింట్ అంటారు.

"చెబితే ఆ ముసలాయన ప్రాణం అక్కడే పోదూ?"

"ఆ ఆప్షన్ లేదు మమ్మీ."

పరీక్ష పన్నెండు రోజులుందనగా అత్తగారు బాలత్రిపురసుందరి స్కాన్ రిపోర్టు వచ్చింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. కొడుకు కోటేశ్వరరావే దుబాసీగా వెళ్ళాడు. డాక్టరు పావుగంటసేపు, నిదానంగా, క్యాన్సర్ గురించి వివరించాడు. కోటేశ్వరరావు అంతా విని, తల్లివైపు తిరిగి, "గ్యాసంటమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చాక భార్యను వంటింట్లోకి పిలిచి, "అమ్మకి తెలియకూడదు. నీ మొహంలో కూడా తెలియకూడదు," అన్నాడు కళ్ళొత్తుకుంటూ. ధరణి సరేనంది. కాకినాడ వార్డులో ఎన్ని కుటుంబాలకు తనే ఆ సలహా ఇచ్చిందో!

మర్నాడు మధ్యాహ్నం ధరణి చదువుకుంటుంటే అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయ్, నాకేంటే?"

ఇలాంటి చోట నర్సు ఏమనాలో పుస్తకంలో ఉంది. ధరణి సిగ్గుపడుతూనే అప్పజెప్పింది.

"మీకేమనిపిస్తోంది అత్తయ్యా?"

"క్యాన్సర్ అనిపిస్తోంది. పావుగంటసేపు చెప్పే గ్యాసు ఎక్కడైనా ఉంటుందటే?"

ధరణి పుస్తకం మూసేసింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కడుందో, మందులతో ఎంతవరకు ఆపొచ్చో, ఏది ఎవరి చేతుల్లోనూ లేదో. పద్దెనిమిదేళ్ళలో ఏ రోగికీ చెప్పని మాటలు. చెబుతూ చెబుతూ తనే ఏడ్చింది. అత్తగారు లేచి వెళ్ళి కోడలికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"నాకు తెలుసని మాత్రం వాడికి చెప్పకు. ఎంత ఓపిగ్గా అబద్ధం ఆడుతున్నాడో చూడు. తట్టుకోలేడు, పిచ్చి సన్నాసి."

పరీక్షలో ఒక ప్రశ్న: తన సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దని క్లయింట్ కోరింది, నర్సు ఏం చేయాలి? తొందరపడకుండా నాలుగు జవాబులూ చదవమని సాత్విక చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపింది. ధరణి మొదటిది, 'చెప్పకూడదు' అన్నది, చదివి నొక్కేసింది.

పాసైంది. కోటేశ్వరరావు మైసూర్‌పాక్ తెచ్చి అందరికీ పంచాడు. తల్లి పక్కగదిలోకి వెళ్ళి టీవీ పెట్టుకోగానే గొంతు తగ్గించాడు.

"అమ్మకి ఏమాత్రం అనుమానం రాలేదు. అంతా నీ చలవే."

ఆ మాట అంటూనే ఏడుపు ఆపుకోలేకపోయాడు. అత్తగారికి అంతా తెలుసన్న మాట ధరణి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇప్పుడు లైసెన్సుంది. ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఆయన ఏడుపు పెద్దదైంది.

పక్కగదిలో అత్తగారు టీవీ సౌండు పెంచింది.