నా యాప్‌లో రాజన్న మోకాళ్ళు

దోహా ట్రాఫిక్‌ని గెలిచి, క్యాన్సర్‌ని కూడా గెలిచిన నేను, నా సొంత ఫోన్ చేతిలో ఎంత చిత్తుగా ఓడిపోయానో చెప్తాను. మొహమాటం లేకుండా నవ్వండి. భీమవరంలో మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నేను దోహాలో మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక ఇంటికి డ్రైవర్ని. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, ఆపైన కీమో పూర్తయ్యాక ఆసుపత్రివాళ్ళు నా ఫోన్‌లో ఒక యాప్ పెట్టారు. ఎక్కడ నొప్పి, ఎంత నీరసం అని అది రోజూ మా అత్తగారికన్నా శ్రద్ధగా అడుగుతుంది. నేను నొక్కిన జవాబు అటు ఆసుపత్రి నర్సుకీ, ఇటు మా పేట హెల్త్ సెంటర్ డాక్టరమ్మకీ ఒకేసారి కనిపిస్తుంది. ఇద్దరూ ‘ఫిట్’ అంటేనే మళ్ళీ స్టీరింగ్ నాది. లేదంటే మా బాబా, అంటే ఇంటి యజమాని, ఇంకో డ్రైవర్ని చూసుకుంటాడు.

నేను భీష్మించుకున్నాను. వచ్చే చెకప్‌లో ఫిట్ అనిపించుకుని తీరాల్సిందే! నీరసమా? సున్నా. నొప్పా? సున్నా. తిమ్మిరా? అదీ సున్నాయే. కీమో పుణ్యమా అని పాదాలు నావో పక్కింటివాడివో తెలియడం లేదు గానీ, ఆ సంగతి పనిగట్టుకుని చెప్పడానికి నాకేమైనా పిచ్చా?

ఇంతలో ఒక శుక్రవారం మా గదికి రాజన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, తాపీపని చేస్తూ లేబర్ క్యాంపులో ఉంటాడు.

“అన్నా, మా క్యాంప్ల ఏ నొప్పికైనా గదే తెల్ల గోలి ఇస్తుండ్రు. నీ ఫోన్ల డాక్టర్ ఉన్నది గదా, నా మోకాళ్ళ సంగతి జర రాయరాదే.”

“నా యాప్‌లో నీ మోకాళ్ళేంటి రాజన్నా?”

“మోకాళ్ళ మీద పేరుంటదా అన్నా?”

నిజమే కదా అనిపించింది. నా రోగం పేగుకి. మోకాలికీ పేగుకీ మధ్య ఎంత దూరం! రాసేశాను. వేడి కాపడం పెట్టుకోమని నర్సు జవాబిచ్చింది, రాజన్నకి కాస్త సుఖంగా ఉంది. ఇంకేం, నా పేరు మారుమోగిపోయింది. మరుసటి శుక్రవారం కడప వంటమనిషి ఓబులేసు నడుం పట్టుకుని దిగాడు.

“నాదీ ఎక్కిచ్చన్నా. పడుకుంటే సలుపుతాంది, నిద్ర పట్టడంల్యా.”

“పదిలో ఎంత వెయ్యమంటావు?”

“తొమ్మిదెయ్. పదంటే నమ్మరు.”

వేశాను. మర్నాడు పొద్దున్నే నర్సు ఫోన్ చేసింది. మలయాళీ అమ్మాయి, హిందీలో గడగడా మాట్లాడేస్తోంది.

“భయ్యా, వెంటనే హెల్త్ సెంటర్‌కి వెళ్ళండి. మీ జవాబులు డాక్టరూ నేనూ చూశాం. ఎముకల్లోకి పాకిందేమో స్కాన్ తియ్యాలి.”

“ఏ ఎముకల్లోకి సిస్టర్?”

“మోకాళ్ళు, నడుం అని మీరే రాశారుగా!”

మీరు నమ్మరు గానీ, ఆ క్షణంలో నా నడుం నిజంగానే నొప్పెట్టింది.

హెల్త్ సెంటర్లో డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంది. నర్సు స్పీకర్లో ఉంది.

“నడుం నొప్పి ఎన్నాళ్ళ నుంచి?”

“అది నాది కాదు మేడం. ఓబులేసుది.”

“మోకాళ్ళు?”

“రాజన్నవి.”

“మరి ఇందులో మీవేవి?”

“నావి సున్నాలు మేడం. నేను ఫిట్!”

స్పీకర్లో నర్సు పగలబడి నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. బూట్లు విప్పించి, కళ్ళు మూసుకోమంది.

“ఏ వేలు ముట్టుకున్నానో చెప్పండి.”

“మీరు మొదలుపెట్టగానే చెప్తాను మేడం.”

“అయిదూ అయిపోయాయి.”

కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ చేతిలో ఉన్నది నా కుడిపాదం. నేను బ్రేకు తొక్కేది ఆ కాలితోనే. వెనక సీట్లో కూర్చునేది బాబా పిల్లలు. అంత భయం నాకు క్యాన్సర్ అని చెప్పిన రోజు కూడా వెయ్యలేదు.

స్కాన్ రద్దయింది, దాంతోపాటు నా ఫిట్టూ రద్దయింది. ఓబులేసునీ రాజన్ననీ వాళ్ళ సొంత హెల్త్ కార్డులతో వాళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళమన్నారు. నేను మాత్రం పట్టు వదల్లేదు. చెప్పిన వ్యాయామమల్లా చేశాను, తిమ్మిరి ఎంతుంటే అంతే నొక్కాను. బాబా ఒక తాత్కాలిక డ్రైవర్ని పెట్టుకుని, “మాఫీ ముష్కిల్, ఏం పర్లేదు, పాదానికి స్పర్శ వచ్చాక నువ్వు రా” అన్నాడు. నెలలు పట్టింది గానీ పాదం వచ్చింది, దాని వెనకే స్టీరింగూ వచ్చింది.

కాబట్టి పాఠకులారా, బ్రేకు మీద కాలుపెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్ళీ నా కాళ్ళ గురించి అబద్ధం చెప్పను, ఇంకొకరి కాళ్ళ గురించి నిజం చెప్పను.