తుప్పు పట్టని పాదాలు

దయ్యాలున్నాయనే వాళ్ళతో నేను జీవితమంతా గొడవే పడ్డాను. పుంగనూరులో మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండని చెప్పేది నేనే. ఇది రాయడం కూడా ఎవరినో నమ్మించడానికి కాదు. మదనపల్లె దగ్గర నలుగురి ముందు ఒకడు నన్ను అబద్ధాలకోరుగా నిలబెట్టాడు. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఎనభైల మొదట్లో సంగతి. మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చే రోడ్డులో ఒక లాడ్జి ఓనరు, హార్స్‌లీ హిల్స్‌కు వచ్చే బెంగళూరు వాళ్ళ కోసం స్విమ్మింగ్ పూల్ తొట్టి కట్టించాడు. మోటార్ల పని, నీళ్ళ పని తెలుసని నన్ను పెట్టుకున్నాడు. తోడుగా కుప్పం మనిషి మునిరత్నాన్ని నేనే పిలిపించాను. మళ్ళీ చెబుతున్నాను, నేనే పిలిపించాను. ఇల్లు దొరికేదాకా వాడు మా ఇంట్లోనే తిన్నాడు.

బోరు నీళ్ళు తేటగా వచ్చాయి. తొట్టి నిండాక బ్లీచింగ్ పౌడరు కలిపాం. తెల్లారేసరికి నీళ్ళన్నీ ఎర్రబడి ఉన్నాయి. ఓనరు తల్లి చూసి గట్టుమీదే కూర్చుండిపోయింది.

"ఎవురో దిష్టినీళ్ళు తెచ్చి పోసినారు. పసుపూ సున్నం కలిపితే ఇదే రంగు గదా."

"ఇంత తొట్టి ఎర్రబడాలంటే ఎన్ని బస్తాల పసుపు కావాలమ్మా?" అన్నాను.

బోరు నీళ్ళలో ఇనుము కరిగి ఉంటే కంటికి కనబడదనీ, బ్లీచింగ్ తగలగానే తుప్పుగా మారి బయటపడుతుందనీ, పటిక వేస్తే అడుగుకు దిగుతుందనీ చెప్పాను. ఆమె నమ్మలేదు. ఓనరు నమ్మాడు.

పటికకు తుప్పు దిగింది. మోటారు పెట్టి నీళ్ళు తోడేశాం. తెల్ల సిమెంటు అడుగంతా ఇటుకపొడి పూసినట్టుంది. లోతు వైపు గోడ దగ్గర మాత్రం రెండు పాదాల ఆకారంలో తెల్లగా ఉంది. వేళ్ళు, మడమలు స్పష్టంగా తెలుస్తున్నాయి. తుప్పు దిగుతున్నంతసేపూ అక్కడ ఎవరో కదలకుండా నిలబడి ఉన్నట్టు.

మునిరత్నం చెప్పు విడిచి, పక్కన తన కాలు పెట్టి చూశాడు.

"నా కాలికంటే సన్నంగా ఉండాది అన్నా. ఆడమనిషిదేమో. నీళ్ళల్లో ఊపిరెట్ల పీల్చిందో అడగాల."

ఇద్దరం నవ్వుకున్నాం. సిమెంటు పూసిన మనిషి కాలి జిడ్డు అక్కడ అంటుకుందనీ, అందుకే తుప్పు పట్టలేదనీ అనుకున్నాను. యాసిడ్ పోస్తే సిమెంటు దెబ్బతింటుందని, ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండూ ఉప్పూ వేసి అడుగంతా తోమాం. మరకలు పోయాయి.

మళ్ళీ నింపాం. మళ్ళీ అదే ఎరుపు, అదే పటిక. నీళ్ళు తోడాక చూస్తే గోడ దగ్గర అంతా తుప్పే. పాదాలు తొట్టి మధ్యలో ఉన్నాయి, మెట్ల వైపు తిరిగి. జిడ్డయితే ఉన్నచోటే ఉండాలి.

ఈసారి మునిరత్నం పక్కన కాలు పెట్టలేదు. "తోమేద్దాం న్నా. సూస్తే పనోళ్ళు ఒకరూ నిలబడరు" అన్నాడు. తోమేశాం.

మూడోసారి పై ట్యాంకులోనే తుప్పు దింపి, తేట నీళ్ళు మాత్రం తొట్టిలోకి వదిలాం. తోడితే అడుగున పల్చటి పూత ఉంది. పాదాలు మెట్ల మొదట్లో ఉన్నాయి. ఆ ఆదివారమే తొట్టి తెరుస్తున్నారు. మొదట దిగేది ఓనరు మనవళ్ళు. నేను భరించలేకపోయాను. దేన్నీ ముట్టుకోవద్దని మునిరత్నానికి చెప్పి, ఓనరు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. అడుగు పగలగొట్టి చూసేదాకా పిల్లల్ని దించొద్దన్నాను. ఆయన లేచి వచ్చాడు.

వచ్చేసరికి అడుగంతా తెల్లగా, తడిగా మెరుస్తోంది. మునిరత్నం చేతిలో కొబ్బరి పీచు, మోచేతుల దాకా చింతపండు గుజ్జు.

"కాళ్ళు యాడ?" అన్నాను.

వాడు నన్ను చూడలేదు, ఓనరును చూశాడు. "ఏం కాళ్ళు సామీ? తుప్పు మరకలుంటే కడిగినా."

"పక్కన కాలు పెట్టి కొలిచినావు గదరా."

"నేనేమీ సూళ్ళేదు సామీ. అన్నకు నిద్దర సాల్లేదేమో."

చుట్టూ ఉన్న పనివాళ్ళు నవ్వారు. ఓనరు నవ్వలేదు. "ఇనుమని మా యమ్మకు పాఠం చెప్పినోడివి నువ్వే. ఇప్పుడు నువ్వే దయ్యమంటే నేనెవుర్ని నమ్మాలప్పా?" అన్నాడు.

సాయంత్రానికి నన్ను తీసేశాడు. నా పని మునిరత్నానికిచ్చాడు. ఆదివారం తొట్టి తెరిచారు, పిల్లలు ఈత కొట్టారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కబురు కూడా పుంగనూరు దాకా మోసుకొచ్చి నాకు చెప్పినవాళ్ళున్నారు. వాళ్ళెవరో నాకు గుర్తే.

కొన్నేళ్ళకు పెళ్ళికని కుప్పం పోయినప్పుడు బస్టాండులో టీ కొట్టు దగ్గర మునిరత్నం ఎదురుపడ్డాడు. వాడే ముందు పలకరించాడు. "బాగుండావా న్నా?"

"ఆ పొద్దు ఎందుకట్ల చెప్పినావు?" అన్నాను. ఉద్యోగం కోసమే అంటాడనుకున్నాను. ఆ మాట అని ఉంటే నాలుగు తిట్టి ఇంటికి వచ్చేసేవాణ్ణి.

"ఏ పొద్దు న్నా?"

"తొట్టిలో కాళ్ళు."

టీ గ్లాసు కింద పెట్టి నన్నే చూశాడు. "ఏం కాళ్ళు న్నా? ఆ తొట్టి తోమి తోమి నడుం పోయింది. అంతకంటే నాకేమీ తెల్దే."

అబద్ధం చెప్పేవాళ్ళ ముఖాలు నేను చాలా చూశాను. అది అబద్ధం చెప్పే ముఖం కాదు. నా మీద జాలిపడుతున్న ముఖం.

ఇనుము, పటిక, జిడ్డు, ఎటు తిప్పి చూసినా ఆ పాదాలు ఎలా పడ్డాయో, ఎలా జరిగాయో ఈ రోజుకీ నాకు అంతుబట్టలేదు. వాడు మాత్రం చూశాడు. కాలు తీసినప్పుడు వాడి అరికాలికి అంటిన తుప్పు కూడా నాకు గుర్తుంది. మరి వాడి తలలోంచి అదంతా ఎటు పోయిందో, ఎవరు తోమేశారో చెప్పలేను.

ఆ రోజు నాకూ ఒక టీ చెప్పాడు. నేను తాగలేదు.