అత్తమ్మ, సూది, స్ట్రాబెర్రీ జెల్లు

మొన్న మా మనవరాలి పన్ను చూపించడానికి వెళ్తే, డాక్టరమ్మ దాని చిగురుకి ఏదో రాసింది. స్ట్రాబెర్రీ వాసన గుప్పుమంది. పిల్ల భయంతో నా చెయ్యి నలిపేస్తుంటే నేను నవ్వాపుకోలేక చచ్చాను. ఆ వాసన తగిలితే నాకు మా అత్తమ్మే గుర్తుకొస్తుంది.

కరోనా వచ్చిన మొదటి ఏడాది. పొట్టకూటికి మేం పరాయి రాష్ట్రమొచ్చి ఉంటున్న బమ్రోలిలో, ఆగిన మగ్గాలు అప్పుడప్పుడే మళ్లీ ఆడుతున్నాయి. మా అత్తమ్మకు దవడ పన్ను పుచ్చి బుగ్గ బూరెలా ఉబ్బింది. మాస్కు పుణ్యమా అని వాడలో ఎవరికీ తెలియలేదు. కూరగాయల బండివాడితో బేరం కూడా దాని చాటునుంచే సాగించేది. గంజితో నెట్టుకొచ్చింది కానీ డాక్టరు పేరెత్తనిచ్చేది కాదు. ఇంట్లో అందరినీ గడగడలాడించే మనిషికి సూదంటే అంత భయం. చివరికి జ్వరం తగులుకుంది. చీము పాకితే మనిషి దక్కదని ఎవరో అనేసరికి నేనిక ఆగలేదు. నొప్పి తెలియకుండా సూది వేసే తెలుగు డాక్టరు ఉన్నాడని బతిమాలి, ఆటో ఎక్కించాను.

నిలువెల్లా ప్లాస్టిక్ తొడుక్కున్న ఆ కుర్ర డాక్టరు, పుచ్చు పన్ను పక్కన స్ట్రాబెర్రీ వాసన జెల్లు చుక్క పెట్టి, "కదపకండమ్మా, రెండు నిమిషాల్లో మొద్దుబారుతుంది" అని గ్లవుజులు మార్చుకోవడానికి అటు తిరిగాడు. మా అత్తమ్మ బజ్జర్ మనిషి. ఆ పొగాకు పొడిని వేలితో చిగుళ్లన్నిటికీ రుద్దితేగాని ఆమెకు తెల్లారదు. చిగురు మీద ఏదో పడిందో లేదో, వేలు తనంతట తానే నోట్లోకి పోయింది. పైనా కిందా, నాలుకా పెదవీ అన్నీ తోమేసింది. డాక్టరు ఇటు తిరిగేసరికి నోరంతా మొద్దుబారింది, కావలసిన చోట తప్ప. సూది మొన తగలగానే ఆమె పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్లలో ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

"ఏంది బిడ్డా, నొప్పుండదంటివి?"

"మీరు రుద్దేశారు కదమ్మా!"

"రుద్దకపోతె ఎట్ల పనిజేస్తది?"

డాక్టరు నవ్వాడు. ఈసారి చిగురు తడి లేకుండా తుడిచి, జెల్లు పెట్టి, పక్కన దూది ఉండలు దోపి, ఆమె రెండు చేతులూ నాకు అప్పగించాడు. చెప్పినంతసేపూ ఆగాడు. తర్వాత బుగ్గను వేళ్లతో మెల్లగా కదుపుతూ వంగాడు.

"ఇంకెప్పుడేస్తవ్ బిడ్డా?" అంది కాసేపటికి, కళ్లు మూసుకునే.

"వేసేశానమ్మా."

నమ్మక నా వంక చూసింది. తలూపాను. బిగుసుకున్న ఆమె వేళ్లు నా చేతుల్లో వదులయ్యాయి.

ఆ తర్వాత కరోనా టీకాలొచ్చాయి. మా వాడలో మగవాళ్లే వెనకాముందాడుతుంటే ఈవిడ ముందు నడిచింది. నర్సు జబ్బను తడి దూదితో తుడవగానే, అదీ మత్తుమందే అనుకుని, "జర రుకో బేటా, మొద్దువారనీ" అంటూ కళ్లు మూసుకుని రెండు చేతులూ నాకిచ్చింది. నర్సు క్యూ వంక చూసింది, నా వంక చూసింది, పాపం ఆగింది. మేం అత్తాకోడళ్లం పోట్లాడుకున్న ఏళ్లకు లెక్కలేదు, చేతులు పట్టుకుని కూర్చున్నది ఆ రెండుసార్లే. ఆమె పోయాక తలుచుకుంటే, ఆ ఏళ్లన్నీ ఇట్టే గడిచిపోయినట్టూ, చేతులు పట్టుకున్న ఆ కాసేపే ఇంకా గడవనట్టూ ఉంటుంది.